నల్లపెట్టె, విరిగిన వంతెన

చిత్తూరులో మా వీధిలోకి కొత్తగా ఏ పిల్లవాడు దిగినా, వాడి పేరు, క్లాసు అడగకముందే మేము అడిగే ప్రశ్న ఒకటుండేది. నల్లదా, తెల్లదా? నల్లదంటే ఎదురింటి అరుగు మీద కూర్చోవాలి. తెల్లదంటే మా ఇంటి మెట్ల మీదికి రావాలి. రెండూ తెలియవన్నవాణ్ణి మాత్రం రెండు జట్లూ కలిసి ఏడిపించేవి. టీవీకి తగిలించి ఆడే వీడియో గేముల సంగతి ఇది. తొంభైల్లో మా వీధి మొత్తానికి ఉన్నవి ఆ రెండే. తెల్లపెట్టె మాది, నల్లపెట్టె ఎదురింటిది.

ఇప్పుడు జనానికి ఆ పెట్టెల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. మా ఆఫీసులో నా వయసువాళ్లు ఫోనులో పాత ఆటల సంగీతం పెట్టుకుని, ఏదో కచేరీకి వచ్చినట్టు కళ్లు మూసుకుని తల ఊపుతుంటారు. అది మొదలవగానే నేను లేచి టీ తాగడానికి వెళ్లిపోతాను. ఎందుకని అడిగితే తలనొప్పి అంటాను. అసలు సంగతి చెప్తే వాళ్ల సరదా పాడవుతుంది.

మా తెల్లపెట్టె తిరుపతి నుంచి వచ్చింది. అక్కడ ఏదో పెళ్లికి వెళ్లి తిరిగొస్తుంటే, బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపు ముందు నేను చేసిన గొడవకు తట్టుకోలేక మా నాయన కొనిపెట్టాడు. ఆయన కోర్టులో గుమాస్తా. ఎంత లావు ఫైలైనా ఓపిగ్గా చదివే మనిషి, నా ఏడుపు మాత్రం బస్సు వచ్చేదాకా కూడా వినలేకపోయాడు. పసుప్పచ్చ క్యాసెట్టు, రెండు రిమోట్లు, బాతుల్ని కాల్చే తుపాకీ. ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ. అందుకని మా ఆటలో ఆకాశం ఏ రంగులో ఉంటుందో నాకు చాలా ఏళ్లు తెలియదు. బూడిదరంగు బాతుల్ని బూడిదరంగు ఆకాశంలో కాల్చి పారేసి, నేనే మొనగాణ్ణని తిరిగేవాణ్ణి.

నల్లపెట్టె మద్రాసు నుంచి వచ్చింది. ఎదురింటాయనకు మామిడి మండీ ఉండేది. కాయల లోడు దించి తిరిగొస్తున్న లారీలో, గడ్డిలో చుట్టి, డ్రైవరు దాన్ని తెచ్చాడు. వాళ్లకు ఒక్కడే కొడుకు. నా ఈడువాడు. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే బెంచీ. నల్లపెట్టె రాకముందు వాడు సాయంత్రమంతా మా ఇంట్లోనే ఉండేవాడు. అది వచ్చిన రోజు నుంచి మా గడప తొక్కలేదు. వాళ్లది రంగుల టీవీ. వాడి ఆటలో కొండలు పచ్చగా ఉండేవి, నీళ్లు నీలంగా మెరిసేవి. నాకు కడుపు మండిపోయింది. మా దాంట్లో తుపాకీ ఉంది, నీ దాంట్లో ఉందా అని నేను. మీ బొమ్మలకు మూతులే లేవు కదరా అని వాడు. పెట్టె వేడెక్కితే లోపల్నుంచి మాగిన మామిడిపండు వాసన వస్తుందని కూడా గొప్పలు పోయేవాడు. నాకెప్పుడూ రాలేదు. కోతలు కోయకురా అనేవాణ్ణి.

ఆ ఏడు గంగమ్మ జాతరలో ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. వాడి రిమోటు నేను ముట్టకూడదు, నాది వాడు ముట్టకూడదు. ఒకదానికి అలవాటైన చెయ్యి ఇంకోదాన్ని పట్టుకుంటే పాడైపోతుందని మా సిద్ధాంతం. వేషాలు కట్టినవాళ్లు డప్పులతో ఎదురొస్తుంటే, వాళ్ల ముందు నిలబడి, అమ్మవారి మీద ఒట్టేసుకున్నాం. చూడ్డానికి అడ్డు లేదు. గడప దగ్గర నిలబడి ఎంతసేపైనా చూడొచ్చు, వెక్కిరించొచ్చు. ముట్టుకోవడం మాత్రం లేదు.

వాడి దగ్గరున్న క్యాసెట్లలో ఒకటంటే మాకందరికీ పిచ్చి. దాని మీద బొమ్మ చిరిగిపోయింది, పేరేమో ఇంగ్లీషు కూడా కాని ఏవో గీతల్లో ఉండేది. మేమే కొండాట అని పేరు పెట్టుకున్నాం. ఎర్రటోపీ పెట్టుకున్న బుడ్డోడు ఒకడు కొండలెక్కి, వాగులు దూకి, పోతూ ఉంటాడు. చాలా దూరం పోయాక విరిగిన వంతెన ఒకటొస్తుంది. పలకలు ఊగుతుంటాయి, కింద చీకటి. మావాడు ఎప్పుడు ఆడినా అక్కడే పడిపోయేవాడు. పడగానే మెట్లు దిగినట్టు ఒక రాగం కిందికి దిగి ఆగిపోతుంది. వెంటనే వాడి కేక వీధంతా వినబడేది.

"సచ్చిపోతినే!"

వంటింట్లోంచి వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చేది. ఆమెను నేను అత్తా అని పిలిచేవాణ్ణి.

"ఒరే, ఆ మాట అనొద్దని ఎన్ని తూర్లు సెప్పాల్రా నీకు? దీపం పెట్టే పొద్దు. పడితి అను, ఓడితి అను."

"ఈ ఆటలో పడితే సచ్చినట్లే కదమ్మా."

"నీ ఆట తగలెయ్య! ఆ మాట నా ఇంట్లో వద్దు."

మళ్లీ ఆడేవాడు, మళ్లీ పడేవాడు, మళ్లీ అదే కేక. ఆమె ఈసారి రాకుండా వంటింట్లోంచే తిట్టేది. నేను గడప దగ్గర నిలబడి నవ్వేవాణ్ణి.

ఆ ఆటలో ఇంకో తమాషా ఉంది. క్యాసెట్టు పెట్టగానే తెర మీద ఆట పేరు పడుతుంది కదా. ఏ బటనూ నొక్కకుండా కాసేపు వదిలేస్తే, ఆట తనంతట తనే నడవడం మొదలుపెడుతుంది. కొనేవాళ్లకు చూపించడానికి చేసినవాళ్లు పెట్టిన ఏర్పాటు. దాన్ని మేము షో అనేవాళ్లం. ఎర్రటోపీవాడు తనే పరిగెత్తుతాడు, తనే దూకుతాడు, ప్రతిసారీ అదే చోట, ఆ వంతెన మీదే పడిపోతాడు. మళ్లీ పేరు పడుతుంది. మధ్యలో రిమోటు మీద ఏ బటను నొక్కినా షో మాయమైపోతుంది. వీధిలో మరీ చిన్నపిల్లలు మాకూ ఇమ్మని ఏడిస్తే, వైరు పీకేసిన రిమోటు వాళ్ల చేతిలో పెట్టి షో నడిపించేవాడు మావాడు. వాళ్లు చెమటలు కక్కుతూ బటన్లు నొక్కి, నేనూ ఆడినానని వీధంతా చెప్పుకునేవాళ్లు. పాపం, మేము ఎవరికీ నిజం చెప్పలేదు.

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. వాడికి జ్వరమొచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. తర్వాత మాట తడబడింది, మెడ బిగుసుకుపోయింది. మెదడువాపు అన్నారు. తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోవడానికి మండీ జీపు వచ్చింది. వాళ్ల నాయన వాణ్ణి ఎత్తుకుని వెనక సీటులో పడుకోబెడుతుంటే నేను దగ్గరికి వెళ్లాను. వాడు కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"నేనొచ్చేదాకా నా రిమోటు ఎవుర్నీ ముట్టనియ్యొద్దప్పా."

"నీ నల్లపెట్టె ఎవరికి కావాల్రా," అన్నాను. వాడు నవ్వడానికి ప్రయత్నించాడు. జీపు వెళ్లిపోయింది.

జీపు తిరిగొచ్చినప్పుడు వాడు లేడు. నాకు మొదట ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఆట మధ్యలో లేచిపోయినవాడి మీద వచ్చే కోపం. ఆ తర్వాత భయమేసింది. సాయంత్రమైతే చాలు, ఎదురింటి వైపు నుంచి ఆ దిగిపోయే రాగం వినిపించేది. పెట్టె బీరువాలో ఉందని నాకు తెలుసు. టీవీ మీద గుడ్డ కప్పేశారని కూడా తెలుసు. అయినా వినిపించేది. నేను మా టీవీ శబ్దం పెంచి బాతుల్ని కాల్చేవాణ్ణి. కొన్నాళ్లకు అది కూడా మానేశాను. ఎవరిని గెలవాలని ఆడాలి? వీధిలో పిల్లలు ఏ ఆట ఆడినా చచ్చిపోయాననే మాట వాడడం మానేశారు. ఎవరూ చెప్పలేదు. గోలీలాటలో కూడా అవుటైనా అనేవాళ్లు.

వాళ్లమ్మ మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఒకరోజు మా అమ్మ దగ్గర కూర్చుని చెప్తుంటే విన్నాను.

"దినామూ పలికినాడక్కా ఆ మాట. దీపం పెట్టే పొద్దున పలికినాడు. పైనుండేవాళ్లు ఇనేసినారు."

మా అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, అట్లాంటివి మనసులో పెట్టుకోవద్దు అంటూనే ఉంది. ఆమె తల అడ్డంగా ఆడిస్తూనే ఉంది.

మరుసటి ఏడు పెద్దల అమావాస్య వచ్చింది. మా వైపు ఆ రోజు పోయినవాళ్లకు పెట్టుకుంటారు. ఫొటో ముందు ఆకు వేసి, వాళ్లకు ఇష్టమైనవన్నీ వడ్డించి, కొత్తబట్టలు పెట్టి, సాంబ్రాణి వేసి, తలుపు మూసి అందరూ బయట కూర్చుంటారు. వాళ్లు వచ్చి తిని పోతారని నమ్మకం. ఆ కాసేపూ గదిలో మనిషి ఉండకూడదు. తర్వాత తలుపు తట్టి తీసి, కాకికి ముద్ద పెట్టి, ఆ ఆకులోదే ఇంట్లోవాళ్లు ప్రసాదంగా తింటారు. మేము మా తాతకు చుట్ట, అగ్గిపెట్టె పెట్టేవాళ్లం. ఒక ఏడు అగ్గిపెట్టె మరిచిపోతే, ఆయన కలలోకి వచ్చి తిట్టాడని మా నాయనమ్మ చాలా రోజులు సణిగింది.

ఆ మధ్యాహ్నం ఎదురింటి అత్త మా గడపలోకి వచ్చి నన్ను పిలిచింది.

"అలసంద వడలు సేసినా, సింతపండన్నం సేసినా. అయినా ఆ ఆట లేకుండా వాడు కూర్చుని తినేవాడు కాదు కదా నాయనా. మీ మామకు ఆ వైర్లు తెలీవు. నువ్వొచ్చి తగిలించి పెట్టు."

వెళ్లాను. వాడి గదిలోనే ఆకు వేశారు. గోడకు వాడి ఫొటో, బడిలో తీయించుకున్నది, తల నున్నగా దువ్వుకుని. నేను బీరువాలోంచి నల్లపెట్టె తీసి టీవీకి తగిలించాను. క్యాసెట్టులో ఊది పెట్టాను. రిమోటును మాత్రం ముట్టలేదు. వైరు చివర పట్టుకుని ఆకు పక్కకు జరిపాను. పెట్టెను ముట్టుకోకూడదని మా ఒట్టులో లేదు. తెర మీద కొండాట పేరు పడింది. ఆమె సాంబ్రాణి వేసింది. అందరం బయటికొచ్చి తలుపు మూశాం. అప్పటికి నాకు షో సంగతి గుర్తే లేదు.

వసారాలో ఆమె, మామ, నేను కూర్చున్నాం. లోపల మొదట్లో వచ్చే సంగీతం వినిపించి ఆగిపోయింది. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత పరుగు చప్పుడు మొదలైంది. టకటక టకటక, దూకినప్పుడు వచ్చే చిన్న ఈల, మళ్లీ టకటక. ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వచ్చినాడు," అంది. "ఇనబడతా ఉండాదా? ఆడుతా ఉండాడు."

నా వెన్ను జలదరించింది. అది షో అని నాకు ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. గుర్తొచ్చినా జలదరింపు పోలేదు. లోపల రాగం మెట్లు దిగినట్టు దిగి ఆగిపోయింది. ఆమె పెదాలు కదిలాయి.

"పడినాడు."

తలుపు తీసేసరికి తెర మీద ఎర్రటోపీవాడు మళ్లీ పరిగెడుతున్నాడు. రిమోటు పెట్టిన చోటే ఉంది. ఆమె గడప దగ్గరే నిలబడి, కన్నార్పకుండా, వాడు వంతెన మీద పడేదాకా చూసింది. నాకు నోటిదాకా వచ్చింది. అత్తా, అది ఎవరూ ఆడకపోయినా అట్లాగే ఆడుతుంది అని. ఆమె ముఖం చూశాక ఆ మాట మింగేశాను. కొడుకు పోయినప్పటి నుంచి ఆ ముఖంలో నెత్తురు చుక్క చూసింది అప్పుడే. మామ నా వైపు చూశాడు. ఆయనకు అర్థమైందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

అట్లా ప్రతి ఏడూ పెద్దల అమావాస్యకు పిలుపొచ్చేది. నేను ఇంటరుకు తిరుపతి వెళ్లి హాస్టల్లో చేరినా, ఆ రోజుకు పొద్దున్నే బస్సెక్కి చిత్తూరు వచ్చేసేవాణ్ణి. మా అమ్మ కోసం కూడా అంత బుద్ధిగా వచ్చిన పాపాన పోలేదు. మొదట్లో ఆమెకు కొడుకు వస్తున్నాడన్న సంతోషమే ఉండేది. పోనుపోను అది దిగులైంది.

"ఈ ఏడు కూడా ఆడనే పడినాడు సూస్తివా? అందరూ ఆ పక్కకి పోతా ఉంటే, నా బిడ్డ ఒక్కడూ ఆ పలకల మీదే నిలబడుకోనుండాడు."

ఆకులో అన్నం తినడం మానేసింది. కాకికి పెడుతుంది, మామకు పెడుతుంది, నాకు పెడుతుంది. తను మాత్రం ముద్ద ముట్టదు. వాడు దాటందే నాకు గొంతు దిగదంటుంది. ఆ తర్వాత కొన్నాళ్లపాటు అన్నం సరిగా తినదని మామ చెప్పేవాడు. ఒక ఏడు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఏడాదికేడాదికి సిక్కిపోతా ఉండాది అప్పా. ఆ పెట్టెను యాడన్నా పారేద్దామంటే, ఆమె ఏమైపోతాదో అని బయం. ఉంచితే ఇట్ల. నాకేమీ తోస్తల్లేదు."

 చెప్పేస్తే ఆమెకు కొడుకు రెండోసారి పోతాడు. చెప్పకపోతే ఏటేటా ఆమె కళ్ల ముందే పడుతుంటాడు.

నేను డిగ్రీలో ఉన్న ఏడు. మనిషి మరీ సగమైపోయింది. చీర కుచ్చిళ్లు నిలవడం లేదు. పెట్టె తగిలించి బయటికొస్తుంటే గడప దగ్గర నా భుజం పట్టుకుని ఆపింది.

"నువ్వు లోపలే ఉండు."

"మనిషి ఉండకూడదు కదత్తా?"

"నువ్వు మనిషివేందిరా, వాని జతగానివి. వానికి ఒక్కనికీ చాతకాలేదు. చెయ్యి పట్టుకోని దాటించు. ఈ ఒక్క తూరి."

 లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఆమె బయటి నుంచి తలుపు మూసింది. ఆమె తలుపుకు ఆనుకుని కూర్చున్నట్టు గాజుల చప్పుడు తెలిసింది.

మిట్టమధ్యాహ్నం. కిటికీ మూసి ఉంది. గదిలో సాంబ్రాణి పొగ, టీవీ వెలుగు. ఆకులో అన్నం ఆవిర్లు కక్కుతోంది. గోడ మీద వాడు పదమూడేళ్ల దగ్గరే ఆగిపోయాడు, కింద నేను మీసాలొచ్చి కూర్చున్నాను. షో మొదలైంది. ఎర్రటోపీవాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. వంతెన మీద నాలుగో పలక అందుకోబోయి పడిపోయాడు. తలుపవతల గాజులు గలగలమన్నాయి. మళ్లీ వచ్చాడు. ఈసారి నేను రిమోటు అందుకున్నాను. గంగమ్మ తల్లీ, నన్ను కాదు, మావాడి తల్లిని చూసి క్షమించమని మొక్కుకున్నాను.

రిమోటులో బొటనవేలు ఆనే చోట నున్నగా అరిగిపోయి చిన్న గుంత పడింది. నా వేలు అందులో సరిగ్గా కూర్చుంది.  బటను నొక్కితే ఏమవుతుందో తెలుసు కదా. నొక్కాను. గాల్లోకి దూకినవాడు దూకినట్టే మాయమైపోయాడు. తెర నల్లబడింది. ఆ ఒక్క క్షణం, వాణ్ణి చేతులారా బయటికి గెంటేసినట్టు అనిపించింది. తర్వాత ఆట పేరు పడింది. మళ్లీ నొక్కాను. కొండ మొదట్లో ఎర్రటోపీవాడు ఒంటరిగా నిలబడి ఉన్నాడు, నేను నడిపిస్తే తప్ప కదలనట్టు.

ఆడ్డం నాకేం తెలుసు? ఏళ్ల తరబడి గడప దగ్గర నిలబడి చూడటమే. మొదటి వాగులోనే పడ్డాను. రాగం దిగిపోయింది. గాజులు చప్పుడు చేశాయి. మళ్లీ మొదటి నుంచి. రాళ్ల కింద పడ్డాను, ముళ్లలో పడ్డాను. పడ్డ ప్రతిసారీ ఆ రాగం ఆమె చెవుల్లోకి పోతోంది. నేను దాటించడానికి వచ్చానా, వాణ్ణి ఇంకా ఎక్కువసార్లు పడెయ్యడానికి వచ్చానా అనిపించింది. చొక్కా తడిసిపోయింది. ఆకులో అన్నం చల్లారిపోయింది. ఆపి లేచిపోదామనుకున్నప్పుడల్లా తలుపవతల ఆమె గొంతు సన్నగా వినిపించేది. నాతో కాదు, వాడితో.

"బయపడొద్దు నాయనా. నింపాదిగా పో."

అప్పుడు నాకు ఆ వాసన తగిలింది. పెట్టె వేడెక్కింది. సాంబ్రాణిని పక్కకు నెట్టి, మాగిన మామిడిపండు వాసన. భాద్రపదంలో, చిత్తూరంతా వెతికినా పండు దొరకని రోజుల్లో. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలంటే భయమేసింది. చూస్తే ఎవరూ ఉండరేమోనన్న భయం ఇంకా ఎక్కువ.

ఆ తర్వాత చేతులు కుదురుకున్నాయి. వాగు, రాళ్లు, ముళ్లు అన్నీ దాటి వంతెన దగ్గరికి చేరాను. ఇక్కడ మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాడు ఏ పలక మీద, ఏ క్షణాన, ఎట్లా పడతాడో ఇన్ని అమావాస్యలుగా చూసి కంఠతా వచ్చేసింది. వాడు దూకిన చోట నేను దూకలేదు. ఆగాను. నాలుగో పలక పైకి లేచి, కిందికి దిగి, మళ్లీ లేచింది. అప్పుడు దూకాను. ఎర్రటోపీవాడు అవతలి గట్టు మీద కాలు పెట్టాడు.

పాట మారింది. ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ వినని పాట. తేలిగ్గా, గంతులేసే పాట. తెర మీద పచ్చటి పొలం, పూలు, తెల్లటి మేఘాలు. వంతెన అవతల ఏముందో మా వీధిలో ఏ జట్టు పిల్లవాడికీ తెలియదు. నేను రిమోటు కింద పెట్టేసి ఏడ్చాను. వాడు పోయిన ఇన్నేళ్లకు.

తలుపు తెరుచుకుంది. ఆమె తెర వైపు చూసింది. ఎర్రటోపీవాడు పొలంలో కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్లి తెర మీద చెయ్యి పెట్టి, ఆ బొమ్మ మీద, దిష్టి తీసినట్టు మెటికలు విరిచింది.

"దాటినాడు," అంది. "ఇంక పోనీలే. పోయి ఆడుకోనీ."

తనే స్విచ్చి కట్టేసింది. కాకికి పెట్టి వచ్చి, ఆ చల్లారిన ఆకు ముందు కూర్చుని, నన్నూ కూర్చోమంది. ఎర్రబడ్డ నా బొటనవేళ్లను చూసి, అన్నం కలిపి నా చేతిలో ముద్ద పెట్టింది. తర్వాత తనూ తింది. మామ గుమ్మం దగ్గర నిలబడి ఆమె తింటుంటే చూస్తూ ఉండిపోయాడు. వెళ్లేటప్పుడు నల్లపెట్టెను పాత టవల్లో చుట్టి నా చంకలో పెట్టింది.

"వానికి ఇంక దీంతో పనిలేదు. నువ్వు ఎత్తుకోని పో."

మరుసటి ఏడు ఫొటో ముందు అన్నం, బట్టలు మాత్రమే పెట్టారు. ఆమె కడుపు నిండా తింది. తర్వాత చాలా ఏళ్లు బాగానే ఉంది. వాడి మాట నవ్వుతూ చెప్పుకునేంత బాగా ఉంది.

ఇక నా సంగతి. తిరుపతిలో స్థిరపడ్డాను. పెద్దల అమావాస్యకు ఆఫీసుకు సెలవు పెడతాను. అటక మీద నుంచి పాత లావు టీవీని, నల్లపెట్టెను దించుతాను. దాని కోసమే ఆ టీవీ ఉంచానని మా ఆవిడకు తెలుసు, అందుకే పాతసామాన్లవాడికి వెయ్యలేదు. తగిలించి, ఊది, క్యాసెట్టు పెట్టి, కాస్త దూరంగా కూర్చుంటాను. పేరు పడుతుంది. ఆ తర్వాత టకటక. నేను దాటించింది నా ఆటలో. ఇందులో వాడు మళ్లీ మొదటి నుంచి వస్తాడు, అదే పలక అందుకోబోతాడు, పడతాడు. షో అని నాకు తెలుసు. ఎట్లా పనిచేస్తుందో కూడా చెప్పగలను. అయినా ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా బటను నొక్కలేదు.

పోయిన ఏడు మా అమ్మాయి పక్కకొచ్చి కూర్చుంది. రెండుమూడు సార్లు చూసి, విసుగొచ్చి, పడకుండా నేను ఆడిస్తానంటూ రిమోటు వైపు చెయ్యి చాపింది. నేను ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నా నోట్లోంచి చిత్తూరు మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

"ముట్టొద్దమ్మా," అన్నాను. "వాడు ఆడుతా ఉండాడు."